చేతి వణుకు – గిటారు కంపనం



ఇంతవరకు ఈ పుటలలో రక్తపోటు, మధుమేహం, పాముకాటు, పొగాకు వలన కలిగే అనర్థాలు వంటి విషయాలనే వ్రాస్తూ వచ్చాను. ఈ మారు ఒక ఎలక్ట్రిక్ గిటారుకు వైబ్రాటో టెయిల్‌పీస్ అనే పరికరాన్ని బిగించి, దానితో రెండేళ్ళుగా నేను చేస్తున్న కాపురాన్ని గురించి చెప్పదలచుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళ విశ్రాంత ప్రభుత్వ వైద్యునికి గిటారుతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. నా చేతులు వణుకుతాయి. ఆ సంగతిని నేను నాకే చెప్పుకోకుండా ఏడాదిపాటు దాచాను. చివరికి దానిని బయటపెట్టినది ఈ గిటారే. అందుచేత ఆ కథ చెప్పక తప్పదు.

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకునే రోజులలో మా హాస్టలు గదిలో ఒక మిత్రుని ట్రాన్సిస్టరు ఉండేది. రాత్రి చదువు ముగిశాక రేడియో సిలోన్ పెట్టుకొని ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళం. షాడోస్ అనే ఇంగ్లండు బృందం 1960లో వెలువరించిన ‘అపాచీ’ అనే వాద్యగీతాన్ని నేను మొదట విన్నది అలాగే. అందులో గిటారు స్వరం పలికిన తరువాత నిటారుగా నిలిచి ఉండదు. నీటిమీది వెన్నెలలాగా మెల్లగా అలలాడుతుంది. మా ఇంట్లో అక్కయ్య వీణ నేర్చుకునేది కాబట్టి, ఈయన కూడా తీగను మెట్టుమీద ప్రక్కకు లాగి గమకం పలికిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ గిటారు వాయించిన హాంక్ మార్విన్ తన కుడిచేతిలో ఒక లోహపు పిడిని పట్టుకొని స్వరాన్ని ఊపుతాడని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు.

ఆ మోజులో ఒక మామూలు గిటారు కొని నాలుగు పాటలు నేర్చాను. తరువాత ఉద్యోగం, బదిలీలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, కుటుంబ నియంత్రణ శిబిరాలు, అర్ధరాత్రి కాన్పులు. గిటారు ఏ ఊరిలో ఏ క్వార్టర్సులో పోయిందో కూడా గుర్తు లేదు. పదవీ విరమణ చేసి విజయనగరంలో స్థిరపడ్డాక, మా అబ్బాయి ఇంజనీరింగు రోజులలో హైదరాబాదులో కొనుక్కొని, అమెరికా వెళుతూ అటక మీద వదలిన ఎలక్ట్రిక్ గిటారును దింపి, దుమ్ము దులిపి, మళ్ళీ మొదటినుంచి ప్రారంభించాను.

అయితే నా ఎడమచేతి బొటనవేలి మొదటి కీలు, మరి రెండు వేళ్ళ చివరి కీళ్ళు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. తీగను మెట్టుమీద నొక్కిపట్టడం వరకు ఫరవాలేదు. నొక్కిన తీగను అటూ ఇటూ కదిపి స్వరాన్ని ఊపబోతే మాత్రం బొటనవేలి మొదట్లో సూది గుచ్చినట్లయ్యేది. ఫోనులో ఈ మాట విన్న మా అబ్బాయి, “నాన్నగారూ, మీరు వేళ్ళను హింసపెట్టుకోకండి. ఆ పని కుడిచేతితో చేసే టెయిల్‌పీస్ ఉంటుంది. మన గిటారుకు కొత్తగా రంధ్రం పెట్టకుండానే బిగించుకోవచ్చు” అని, ఇండియాకు వస్తున్న మా బంధువుల సామానులో దానిని పంపించాడు.

ఏమిటీ పరికరం?

మామూలు గిటారులో తీగల క్రింది కొసలు కదలని లోహపు పట్టీకి తగిలించి ఉంటాయి. వైబ్రాటో టెయిల్‌పీస్‌లో ఆ పట్టీకి బదులు ఒక గుండ్రని ఇరుసు ఉంటుంది. ఇరుసు మీది చిన్న మేకులకు ఆరు తీగలూ తగిలించబడి ఉంటాయి. ఇరుసుకు ఒక పిడి, పిడి క్రింద అంగుళం ఎత్తున్న ఒక స్ప్రింగు. ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బలంతో ఒక వైపుకు లాగుతుంటే, ఆ స్ప్రింగు వాటికి ఎదురు నిలుస్తుంది. పిడిని క్రిందికి నొక్కితే ఇరుసు కొద్దిగా తిరిగి తీగలు వదులవుతాయి, స్వరం దిగుతుంది. వదిలివేస్తే స్ప్రింగు దానిని యథాస్థానానికి తెస్తుంది. తీగ పౌనఃపున్యం దాని బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, బిగువు నూటికి 11 వంతులు తగ్గితే చాలు, స్వరం ఒక అర్ధస్థాయి దిగుతుంది. ఈ రకపు పరికరంతో ఒకటి రెండు అర్ధస్థాయిలకు మించి దించవలసిన పని ఉండదు. స్వరాన్ని మెల్లగా ఊపడమే దీని ప్రయోజనం.

దీని పుట్టుక కథ నాకు ఎంతో నచ్చింది. 1930లలోనే డాక్ కాఫ్‌మన్ అనే ఆయన ఇటువంటి పరికరాన్ని తయారుచేశాడు. అది ఊపిన తరువాత శ్రుతి నిలిచేది కాదు. కాలిఫోర్నియాలో మోటారుసైకిళ్ళ పనిలో ఆరితేరిన పాల్ బిగ్స్‌బీ అనే యంత్రకారుని దగ్గరకు మెర్ల్ ట్రావిస్ అనే గిటారు విద్వాంసుడు వెళ్ళి, తన గిటారు మీది పరికరం శ్రుతి తప్పుతోంది, బాగుచేసిపెట్టమన్నాడు. బిగ్స్‌బీ దానిని బాగుచేయడం మాని కొత్తది తయారుచేశాడు. నేటికీ గిటార్ల మీద మెరుస్తూ కనిపించే బిగ్స్‌బీ టెయిల్‌పీస్ అదే. చెట్ ఆట్కిన్స్ వంటి మహా విద్వాంసులు దానిని వాడారు. 1954లో లియో ఫెండర్ తన స్ట్రాటోకాస్టర్ గిటారుకు మరొక పద్ధతిలో స్ప్రింగులు అమర్చి, దానికి ‘ట్రెమొలో’ అని పేరు పెట్టాడు. ఆ పేరు నిజానికి పొరపాటు. స్వరస్థాయి హెచ్చుతగ్గులైతే వైబ్రాటో, శబ్దపు తీవ్రత హెచ్చుతగ్గులైతే ట్రెమొలో. అయినా ఆ పేరే లోకంలో స్థిరపడిపోయింది. వైద్యునిగా నన్ను ఆకర్షించినది మరొకటి: ట్రెమొలో అన్న మాటకు, మేము రోగుల కాగితాల మీద వ్రాసే ట్రెమర్ అన్న మాటకు మూలం ఒక్కటే. లాటిన్ భాషలో వణకడం అని అర్థం.

బిగించిన విధానం

ఒక ఆదివారం భోజనానంతరం పని ప్రారంభించాను. వైద్యంలో మొదటి సూత్రం హాని చేయకపోవడం కదా! కొయ్యకు రంధ్రం పెట్టనవసరం లేకుండా, పాత పట్టీని నిలబెట్టే రెండు మరల చోటనే కూర్చునే అడాప్టరు ప్లేటును కూడా మా అబ్బాయి పంపాడు. నచ్చకపోతే అన్నీ విప్పి పాతది బిగించుకోవచ్చు. గిటారును దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడక్రింద చుట్టిన తువ్వాలు పెట్టాను. బల్లమీద రోగిని పడుకోబెట్టినట్లే ఉన్నదని మా శ్రీమతి నవ్వింది.

తీగలన్నీ ఒక్కసారిగా తెంపకుండా కొద్దికొద్దిగా వదులుచేసి తీశాను. ప్లేటును మరలతో వ్రేళ్ళ బిగువు వరకే బిగించి, మొదటి తీగ చోటునుంచి ఆరవ తీగ చోటునుంచి రెండు దారాలు మెడ పొడవునా లాగి చూశాను. ఆ దారాలకు మెడ అంచులతో రెండు ప్రక్కలా సమానమైన ఎడం ఉంటేనే టెయిల్‌పీస్ నిటారుగా ఉన్నట్లు. రెండు మిల్లీమీటర్లు ఒక ప్రక్కకు ఒరిగింది. సరిచేసి, అప్పుడు గట్టిగా బిగించాను. తరువాత మల్టీమీటరు తెచ్చి, తీగలకూ జాక్ వెలుపలి లోహానికీ నడుమ విద్యుత్సంబంధం ఉన్నదో లేదో పరీక్షించాను. ఎలక్ట్రిక్ గిటారులో తీగలకు ఎర్తు తీగ కలిసి ఉండాలి, లేకపోతే స్పీకరు రొద చేస్తుంది. ఎర్తు లేని ప్లగ్గులో ఆంప్లిఫయరు పెట్టి, తడి కాళ్ళతో గిటారు ముట్టుకోవడం ప్రాణానికే ప్రమాదమని కూడా ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను.

అసలు కష్టం తీగలు ఎక్కించడంలో ఎదురయింది. తీగ కొసనున్న చిన్న గుండును ఇరుసు మీది మేకుకు తగిలించి, తీగను ఇరుసు మీదుగా చుట్టి, బ్రిడ్జి మీదుగా మెడ చివరి బిరడ వరకు తీసుకుపోయి బిగించాలి. బిగువు వచ్చేలోగా గుండు మేకునుంచి జారిపోతుంది. నా వంటి వణికే చేతులకు అది దుస్సాధ్యం. నాలుగుసార్లు జారిన తరువాత నా పాత పెట్టెలోని ఆర్టరీ ఫోర్సెప్స్ తీసి, తీగ కొసను ముందుగానే కొక్కెంలాగా వంచాను. అయినా ఒక చెయ్యి తక్కువైంది. “ఏమండీ, అది నేను పట్టుకుంటాను, మీరు ఆ చెవులు తిప్పుకోండి” అని మా శ్రీమతి తన బొటనవేలితో గుండును అదిమిపట్టింది. ఆరు తీగలకు గంటన్నర పట్టింది. నా చెయ్యి వణకడం ఆమె అంతసేపూ చూస్తూనే ఉన్నది. ఏమీ అనలేదు.

శ్రుతి నిలవలేదు

శ్రుతి చేసి పిడిని నొక్కి వదిలాను. దశాబ్దాల నాటి ఆ అల ఒక్కసారి నా చేతి క్రింద పలికింది. ఆ ఆనందం అర నిమిషం నిలిచింది. తరువాత వాయించిన స్వరసముదాయంలో ఒక తీగ అపశ్రుతి పలికింది. మళ్ళీ శ్రుతి చేశాను, మళ్ళీ ఊపాను, మళ్ళీ తప్పింది. పరికరంలో బలం చాలలేదనుకొని బిరడలు మరికొంత బిగించడం మొదలుపెట్టాను. మూడవ రోజున అన్నిటికంటె సన్నని తీగ, మందం పావు మిల్లీమీటరు, ఠప్పున తెగి నా కుడి కంటి క్రింద గీరుకొని పోయింది. కళ్ళజోడు లేకపోతే నల్లగుడ్డుకే తగిలేది. తీగవాద్యాల తీగలు మార్చేవారు కళ్ళజోడు పెట్టుకొని తీరాలని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

మా ప్రాంతంలో గిటారు మరమ్మతు చేసేవారు నాకు తెలియరు. కాని బొబ్బిలి వీణలు ఎవరికి తెలియవు! ఆ దాపులలో ఒక ఆరోగ్య కేంద్రంలో నేను పూర్వం పనిచేశాను. గిటారును సంచిలో పెట్టుకొని బస్సెక్కి, వీణలకు మైనం మీద మెట్లు కూర్చే ఒక ఆచారిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన గిటారును ఎన్నడూ ముట్టుకోలేదు. పిడిని రెండుసార్లు నొక్కి, చెవి తీగల దగ్గరకు ఆన్చి విన్నారు. మెడ చివర తీగలు గాడిలో ఆనుకొని వెళ్ళే చిన్న తెల్లని పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చూపించారు.

“తీగది తప్పు కాదు డాక్టరుబాబూ. ఎల్లిన దారినే అది తిరిగి రావాల. ఇక్కడ గాడిలో పట్టేస్తోంది. మీరు బిరడ బిగిస్తే ఏటి లాభం?”

నేనూ చెవి పెట్టి విన్నాను. బిరడ త్రిప్పుతుంటే తీగ గాడిలో ఆగి ఆగి జరుగుతూ ‘టిక్’మని సన్నగా చప్పుడు చేస్తున్నది. ముప్పై అయిదేళ్ళు స్టెతస్కోపు పట్టుకున్నవాడిని, ఆ చప్పుడు వినాలన్న ఆలోచనే నాకు రాలేదు. పిడి నొక్కినప్పుడు వదులైన తీగ గాడిగుండా బిరడ వైపుకు జారుతుంది. తిరిగి బిగువు వచ్చినప్పుడు వెనక్కు జారి రావాలి. గాడిలో చిక్కుకుంటే రాలేదు, స్వరం హెచ్చుగా నిలిచిపోతుంది. నా గిటారులో బిరడలు తలకు ఇరువైపులా మూడేసి చొప్పున ఉన్నాయి కాబట్టి నడిమి రెండు తీగలు ఎక్కువగా వంగి వెళ్ళాలి. అందుకే అవి అందరికంటె ముందు తప్పుతున్నాయి. ఆచారిగారు సన్నని ఆకురాయితో ఆ గాడులను తీగ వెళ్ళే దిక్కుకు నున్నగా చేసి, మెత్తని పెన్సిలు ముక్కుతో లోపల రుద్దారు. పెన్సిలు సీసం నిజానికి గ్రాఫైటు, అది మంచి పొడి కందెన. బ్రిడ్జి మీద తీగలు ఆనే చోట్ల కూడా రుద్దారు. బిరడల మీద నేను ఎడాపెడా చుట్టిన చుట్లను విప్పి, ఒకదాని క్రింద ఒకటి పొందికగా రెండు మూడు చుట్లకు మించకుండా చుట్టమన్నారు. డబ్బు తీసుకోలేదు. “మా అమ్మకి మీరే సెలైను పెట్టినారు” అన్నారు. నాకు గుర్తులేదు.

ముల్లు చెప్పిన నిజం

ఇక ఆరోగ్య విషయానికి వస్తాను. శ్రుతి కుదిరిన తరువాత ఒక సాయంత్రం, శ్రుతి చూసే ఎలక్ట్రానిక్ ట్యూనరును తగిలించి ఒక తీగను మీటాను. ముల్లు నడుమ నిశ్చలంగా నిలిచింది. తీగ ఇంకా మ్రోగుతూనే ఉన్నది. కుడిచేతిని పిడి మీద ఊరకే ఆన్చాను, నొక్కలేదు. ముల్లు ఎడమకూ కుడికీ కొట్టుకోసాగింది. చెయ్యి తీశాను, నిలిచింది. మళ్ళీ ఆన్చాను, మళ్ళీ ఊగింది.

అంతకు ముందు ఏడాదిగా కాఫీ గ్లాసు సగానికే పోయమంటున్నాను. పింఛను కాగితం మీద సంతకం పోలలేదని మరోసారి పెట్టమంటే కలం బాగాలేదన్నాను. మా నాన్నగారికీ పెద్దతనంలో ఇలాగే ఉండేది, ఇంట్లో అందరం నరాల బలహీనత అనేవాళ్ళం. ఇన్నాళ్ళూ కలం మీద, గ్లాసు మీద నెట్టిన తప్పును ఇప్పుడు ముల్లు మీద నెట్టడానికి నాకు మనసొప్పలేదు.

వణుకులలో రకాలున్నాయి. చెయ్యి ఒళ్ళో విశ్రాంతిగా ఉన్నప్పుడు వణికి, పనికి కదిలించగానే తగ్గేది పార్కిన్సన్ వ్యాధి లక్షణం. అది తరచు ఒక ప్రక్కనే మొదలవుతుంది. సెకనుకు 4 నుంచి 6 సార్లు కదులుతుంది. నడక మందగించడం, కండరాలు బిగుసుకోవడం, చేతివ్రాత చిన్నదైపోవడం దానికి తోడుంటాయి. చెయ్యి చాచినప్పుడు, గ్లాసు ఎత్తినప్పుడు, వ్రాసేటప్పుడు రెండు చేతులూ వణకడం ఎసెన్షియల్ ట్రెమర్ లక్షణం. దీని వేగం సెకనుకు 4 నుంచి 12 సార్లు. వ్రాత చిన్నది కాదు, వంకరలు పోతుంది. కొందరిలో తల, కంఠం కూడా వణుకుతాయి. చాలా కుటుంబాలలో ఇది తరతరాలుగా వస్తుంది. గాయకుల కంఠంలోని సహజమైన వైబ్రాటో వేగం సెకనుకు 5 నుంచి 7 సార్లు. అంటే నా చెయ్యి తనంతట తానే, అడగని చోట కూడా, గమకం పలికిస్తున్నదన్నమాట.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. పేరు తెలిసింది, మందు తెలిసినదే. పరీక్షలు లేవు, సంప్రదింపు లేదు. మందుల దుకాణం నుంచి ప్రొప్రనొలాల్ మాత్రలు తెప్పించి వేసుకున్నాను. చిన్నతనంలో నాకు ఉబ్బసం ఉండేది. ఇరవై ఏళ్ళుగా అది తలెత్తలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. ఉబ్బసం ఉన్నవారికి ఈ మందు ఇవ్వరాదని ఎంతమంది వైద్య విద్యార్థులకు చెప్పి ఉంటానో! మూడవ రాత్రి ఊపిరి అందక లేచి కూర్చున్నాను. పిల్లికూతలు నాకే వినిపించాయి. మా శ్రీమతి ప్రక్కింటివారిని లేపి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. అక్కడ పీల్పించిన సాల్బ్యుటమాల్ వల్ల ఊపిరి ఆడింది, చేతులు మాత్రం మునుపటికంటె వణికాయి. ఆ మందుకు ఆ గుణం ఉన్నది.

ఒక్క ప్రశ్న

తరువాతి వారం విశాఖపట్నంలో నాడీ వైద్య నిపుణుని దగ్గరకు వెళ్ళాను. నా కొడుకు వయస్సువాడు. “సర్, మీకు మీరే వైద్యం చేసుకున్నారా?” అని మాత్రం అని, మరేమీ అనకుండా పరీక్షించాడు. చేతులు చాపించాడు, ఒళ్ళో పెట్టించాడు, వేలితో ముక్కు తాకించాడు, కాగితం మీద శంఖువులాగా చుట్లు గీయించాడు. థైరాయిడు పరీక్ష వ్రాశాడు. వాడుతున్న మందులన్నీ అడిగాడు. చివరికి, “ఎప్పుడైనా కొంచెం మద్యం తీసుకుంటే వణుకు తగ్గడం గమనించారా సర్?” అన్నాడు.

నేను తాగను. కాని ఆ ప్రశ్న వినగానే నా ఒళ్ళు చల్లబడింది. ఎసెన్షియల్ ట్రెమర్‌ను పోల్చుకోవడానికి అడిగే మామూలు ప్రశ్నే అది. ఈ జబ్బున్న చాలామందిలో కొద్దిపాటి మద్యంతో వణుకు కాసేపు తగ్గుతుంది, తరువాత మళ్ళీ వస్తుంది, ఒక్కొక్కప్పుడు హెచ్చుగా వస్తుంది. అందుచేత అది వైద్యం కాదు.

నేను బొబ్బిలి దాపుల పనిచేసిన రోజులలో, ఒక కంసాలి ఓ.పి.కి వచ్చాడు. ఏభై ఏళ్ళు ఉంటాయి. కుంపటి ముందు కూర్చొని ఊదుగొట్టంతో అతుకు వేసే చెయ్యి నిలవడం లేదని, పని పోతున్నదని చెప్పాడు. తండ్రికీ ఉండేదన్నాడు. వెంట వచ్చిన బావమరిది, “పొద్దున్న కల్లు పడితేగాని ఈ బావ చెయ్యి ఆగదండి” అన్నాడు. అంతే. నాకు కావలసినది దొరికింది. వెలుపల ఎనభై మంది వరుసలో ఉన్నారు. చీటీ మీద మద్యపానం వలన వణుకు అని వ్రాసి, అందరి ఎదుటా అతనిని మందలించి, బి కాంప్లెక్సు మాత్రలిచ్చి పంపాను. అతడు ఏదో చెప్పబోయి, బావమరిది వైపు చూసి మానుకున్నాడు. మళ్ళీ రాలేదు.

తాగుడువల్ల చెయ్యి వణికిందని నేననుకున్నాను. చెయ్యి వణుకుతున్నందువల్ల, పని నిలబెట్టుకోవడానికి, అతడు తాగుతున్నాడేమో! ఆ సంగతి తేల్చడానికి రెండు ప్రశ్నలు, ఒక కాగితం, ఒక కలం చాలు. తండ్రికీ ఉండేదని అతడే నాకు చెప్పాడు. తీగ చిక్కుకున్న చోటు చూడకుండా బిరడ బిగించడం నాకు గిటారుతో మొదలైన అలవాటు కాదు. ఆచారిగారి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ కంసాలిని గురించి విచారించలేదు. అప్పటికి నాకు గుర్తుకు రాలేదు. తరువాత మరోసారి వెళ్ళి అడిగాను. ఆ ఇంటివారు ఏనాడో ఊరు విడిచిపోయారని తెలిసింది.

ఇప్పుడు ఎలా ఉన్నాను

ఉబ్బసం కారణంగా ఆ నిపుణుడు నాకు ప్రిమిడోన్ అనే మరో మందును చాలా తక్కువ మోతాదులో రాత్రిపూట మొదలుపెట్టాడు. తొలి వారం మత్తుగా ఉండి తూలేవాడిని, తరువాత సర్దుకున్నది. వణుకు పోలేదు, తగ్గింది. గ్లాసు ముప్పాతిక వరకు పోయించుకుంటున్నాను.

గిటారు విషయంలోనూ అంతే. పిడి మీద చెయ్యి ఎల్లవేళలా ఉంచకూడదని నేర్చుకున్నాను. వాయించేటంతసేపు పిడిని ప్రక్కకు త్రిప్పి ఉంచి, పదబంధం చివర నిలిచే స్వరం దగ్గర మాత్రమే అందుకుంటాను. ముంజేయిని గిటారు ఒంటిమీద పూర్తిగా ఆన్చితే వణుకు చాలా తగ్గుతుంది. ఆధారం దొరికిన చెయ్యి నిలకడగా ఉంటుంది. అన్నం తినేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు మోచేతిని బల్లమీద ఆన్చమని చెప్పేది అందుకే. కాఫీ తాగిన వెంటనే వాయించను. కొత్త తీగలు వేసిన రోజున వాటిని చేతితో మెల్లగా సాగదీసి, శ్రుతి చేసి, మళ్ళీ సాగదీసి, నాలుగైదు మార్లకు నిలకడ వచ్చాక గాని పాట మొదలుపెట్టను. లావు తీగలు మారిస్తే పిడి ఎత్తు మారుతుంది కాబట్టి ఒకే మందం తీగలు వాడతాను. రెండు నెలలకొకసారి గాడులలో పెన్సిలు రుద్దుతాను. ఇంత చేసినా ఒక్కొక్క రోజు నడిమి తీగ తప్పుతుంది. అప్పుడు పిడిని ఒకసారి కొద్దిగా పైకెత్తి వదిలితే తరచు తన చోటికి వస్తుంది. రానినాడు మళ్ళీ శ్రుతి చేసుకుంటాను. శ్రుతి ఎన్నడూ తప్పకూడదనుకునేవారికి తీగలను రెండు కొసలా తాళం వేసినట్లు బిగించే ఫ్లాయిడ్ రోజ్ పద్ధతి వేరే ఉన్నది. నాకు దానితో పని లేదు.

పాఠకులకు మనవి

చేతులు వణుకుతుంటే వయసు అని, నరాల బలహీనత అని సరిపెట్టుకోకండి. వణుకు విశ్రాంతిలో వస్తున్నదా, పనిలో వస్తున్నదా, ఒక చేతిలోనా రెండింటిలోనా గమనించి వైద్యునికి చెప్పండి. తల్లిదండ్రులకు ఉండేదా అని గుర్తుచేసుకోండి.

థైరాయిడు హెచ్చుగా పనిచేయడం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఆందోళన, ఉబ్బసానికి వాడే మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్, మానసిక వ్యాధులకు వాడే లిథియం కూడా వణుకు తెప్పించగలవు. వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్ళండి. వాటిని మీ అంతట మీరు మానవద్దు.

వణుకు అకస్మాత్తుగా మొదలైనా, మాట తడబడినా, ఒక ప్రక్క కాలు చెయ్యి బలహీనపడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రొప్రనొలాల్ మంచి మందే. కాని ఉబ్బసం ఉన్నవారికి, గుండె వేగం మరీ తక్కువగా ఉన్నవారికి అది తగదు. మందులకు లొంగని తీవ్రమైన వణుకుకు శస్త్రచికిత్సా పద్ధతులు కూడా వచ్చాయి. ఏది ఎవరికి అవసరమో నిపుణులే నిర్ణయించాలి. ఎవరూ, వైద్యుడైనా సరే, తనకు తాను వైద్యం చేసుకోరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది: చెయ్యి వణికే మనిషిని చూసి తాగుబోతు అని అనకండి. ఆ మాట అన్నవారిలో ఒక వైద్యుడు కూడా ఉన్నాడని మీకిప్పుడు తెలుసు. మీ ఇంటిలో గాని, వీధిలో గాని అటువంటివారుంటే, ఎప్పటినుంచి అలా ఉన్నదని ఒక్క మాట అడగండి. చెప్పేదాకా ఆగి వినండి.

సాయంత్రమయింది. మా శ్రీమతి దీపం పెట్టింది. ఒక అరగంట వాయించుకొని భోజనానికి లేస్తాను. వచ్చే నెల వేసవి వడదెబ్బను గురించి వ్రాస్తాను.

సెలవు.